ఇరవై రెండో తేదీకే జీతం ఎందుకు అయిపోతోంది?

ఇంటి పద్దు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మా వారిది ప్రైవేటు ఉద్యోగం. కోతలన్నీ పోను నెలకు రూ.42,000 చేతికి వస్తుంది. ఇంటి అద్దె రూ.11,000, బండి వాయిదా రూ.3,400, చీటీ రూ.5,000 కట్టాక మిగిలిన దానితోనే ఇల్లు నడపాలి. మాకు తొమ్మిదేళ్ల పాప, ఆరేళ్ల బాబు. ప్రతి నెలా ఇరవై రెండో తేదీకల్లా చేతిలో డబ్బు అయిపోయి, అక్క దగ్గర చేబదులు తెచ్చుకుంటున్నాను. జూన్‌లో పిల్లల ఫీజులు క్రెడిట్ కార్డుతో కట్టాము. అందులో ఇంకా రూ.18,000 బాకీ ఉంది; నెలనెలా కనీస మొత్తమే కడుతున్నాము. పాలు, కూరగాయల ఖర్చు ఎంత తగ్గించుకుంటే గట్టెక్కుతాము?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: ముందుగా ఒక మాట. ఎదిగే పిల్లలున్న ఇంట్లో పాలు, కూరగాయల జోలికి వెళ్లకండి. మీ ఇబ్బందికి కారణం అక్కడ లేదు, జూన్ ఫీజుల గురించి మీరు రాసిన వాక్యంలో ఉంది. బడి తెరిచే వేళకు ఫీజులు కట్టాలని, దసరాకూ సంక్రాంతికీ బట్టలు, ప్రయాణాలు ఉంటాయని, శ్రావణంలోనో మాఘంలోనో బంధువుల పెళ్లిళ్లకు చదివింపులు తప్పవని మనందరికీ ముందే తెలుసు. అయినా వాటిని నెల లెక్కలో చేర్చుకోము కనుక, వచ్చిన నెలలో అనుకోని ఖర్చుల్లా మీద పడి, ఆ తర్వాతి నెలల జీతాన్ని కూడా తినేస్తాయి.

అందుచేత ఈ ఆదివారం మీరిద్దరూ కూర్చుని, ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే వచ్చే ఖర్చులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఉదాహరణకు ఇద్దరి ఫీజులు రూ.48,000, పుస్తకాలు, యూనిఫారాలు రూ.9,000, పండుగలు రూ.15,000, చదివింపులు రూ.8,000, బండి ఇన్సూరెన్సు, సర్వీసింగు రూ.4,000 అనుకుంటే మొత్తం రూ.84,000 అవుతుంది, పన్నెండుతో భాగిస్తే నెలకు రూ.7,000. మీ అంకెలు వేరుగా ఉండవచ్చు, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే. ఆ సొమ్మును జీతం పడిన రోజే వేరే పొదుపు ఖాతాలోకి మార్చండి. ఆ ఖాతాను ఫోన్‌లోని యూపీఐకి జోడించకపోతే చేయి అటు పోదు.

అద్దె, వాయిదా, చీటీ, ఈ రూ.7,000 పోగా మీకు నిజంగా మిగిలేది రూ.15,600. పాలు, బియ్యం, వెచ్చాలు, కూరగాయలకు రూ.9,000, గ్యాసు, కరెంటు, ఫోన్లకు రూ.2,200, పెట్రోలుకు రూ.2,000 చొప్పున వేసుకుంటే చివరికి రూ.2,400 ఉంటుంది. ఇరుకైన లెక్కేనని ఒప్పుకుంటాను. అందుకే మొదటి నెల ఏదీ తగ్గించే ప్రయత్నం చేయకుండా, ప్రతి రూపాయి ఎక్కడికి పోతోందో రోజూ రాత్రి పద్దు రాయండి. బియ్యం, వెచ్చాలు ఒకటో తేదీనే తెచ్చుకుని, కూరగాయల డబ్బును మాత్రం వారానికొక కవరు చొప్పున విడదీసి పెట్టుకుంటే, నెలాఖరు వారానికి కూడా డబ్బు మిగిలి ఉంటుంది.

ఇక కార్డు బాకీ సంగతి ఆలస్యం చేయకూడనిది. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు నూటికి మూడున్నర రూపాయల దాకా ఉంటుంది. ఆ లెక్కన రూ.18,000కు నెలకు రూ.630 వడ్డీ పడుతుంది, దాని మీద జీఎస్టీ అదనం. మీరు కట్టే కనీస మొత్తం బాకీలో ఐదు శాతం, అంటే రూ.900 అయితే, అసలులో తగ్గేది రూ.270 కూడా ఉండదు. పైగా బాకీ ఉన్నంత కాలం కొత్తగా కొన్నవాటికీ కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. బంగారం తాకట్టు పెట్టడానికి మనసు ఒప్పదని నాకు తెలుసు. అయినా రూపాయి వడ్డీకో, అంతకంటే తక్కువకో బ్యాంకులో చిన్న బంగారు రుణం తీసుకుని కార్డు బాకీ ఒక్కసారిగా తీర్చేసి, మిగిలే రూ.2,400లో రూ.2,000 చొప్పున కడితే పది నెలల్లో నగ మీ ఇంటికి వస్తుంది. అప్పటిదాకా కార్డును బీరువాలో పెట్టండి.

చీటీ పాటలో తగ్గిన సొమ్ములో మీ వాటా పోగా, కట్టాల్సింది రూ.5,000 కంటే తక్కువైన నెలల్లో ఆ తేడాను మందులకని పక్కన పెట్టుకోండి. ఆ చీటీ 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైనదో కాదో ఒకసారి విచారించండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. ఆడపిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన పొదుపు పథకం, సుకన్య సమృద్ధి ఖాతాను పాపకు పదేళ్లు నిండక ముందే తెరవాలి. ఏడాదికి కనీసం రూ.250 కడితే ఖాతా నడుస్తుంది కనుక, ఇప్పుడు చేతిలో ఎంత ఉన్నా సరే, పాప పుట్టినరోజు దాటనివ్వకుండా పోస్టాఫీసుకు వెళ్లి రండి.

ప్రశ్న: నేను ఆటో నడుపుతాను. ఒక రోజు రూ.1,400, మరో రోజు రూ.600 వస్తుంది. నెల జీతం లేనివాళ్లు బడ్జెట్ వేసుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: మీరు ముందు ఆటో లెక్కను, ఇంటి లెక్కను విడదీయాలి. ఇంధనం, టైర్లు, రిపేర్లు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ ఖర్చులకు రోజూ కొంత తీసి పక్కన పెట్టాకే మిగిలినది మీ సంపాదన. గత మూడు నెలల్లో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెలను గుర్తు చేసుకుని, ఇంటి ఖర్చును ఆ మొత్తానికి సరిపడేలా వేసుకోండి. ఇంట్లో ప్రతి సోమవారం ఒకే మొత్తం ఇవ్వండి. గిరాకీ బాగున్న వారం మిగిలినది ఖాతాలో వేసి, వానలకు బేరాలు లేని వారం దానిలో నుంచే తీసి ఇవ్వండి. ఏడాదికి రూ.20తో రూ.2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్ష బీమా యోజనలో, మీ బ్యాంకులోనే అడిగి, వెంటనే చేరండి. రోజంతా రోడ్డు మీద ఉండేవారికి అది మొదటి ఖర్చు కావాలి.