పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే ముందు ఇది చదవండి

మీ ఎదురింటాయన వికలాంగుల భృతి తీసుకుంటూనే రోజూ పనికి వెళ్తున్నాడు, మన పేరు బయటపడకుండా ఫిర్యాదు చేయవచ్చా అని అడిగారు. చేయవచ్చు. చాలా దేశాల్లో ఇందుకు ఫోన్ నంబరో ఆన్‌లైన్ ఫారమో ఉంటుంది. కానీ అలాంటి ఫిర్యాదు ఒకటి మా ఇంటి మీదికే వచ్చింది కాబట్టి అవతలివైపు ఎలా ఉంటుందో చెప్తాను.

మా అమ్మకి కీళ్లవాతం. కొన్ని రోజులు మంచం దిగలేదు, కొన్ని రోజులు బాగానే నడుస్తుంది, బయటికి వచ్చేది బాగున్న రోజే కాబట్టి నలుగురికీ కనిపించేది ఆ రోజులే. సంచులు పట్టుకుని మెట్లెక్కుతుంటే చూసి ఎవరో "దొంగ సర్టిఫికెట్‌తో డబ్బు తీసుకుంటోంది" అని రాసి పంపారు. విచారణ అయ్యేదాకా భృతి ఆపేశారు. పాత రిపోర్టులన్నీ వెతికి, మళ్లీ డాక్టర్ల చుట్టూ తిరిగి, ఐదు నెలలకి తప్పేమీ లేదని తేలింది, ఆగిన డబ్బు కూడా వచ్చింది. కానీ ఆ ఐదు నెలలూ అమ్మ ఒంట్లో బాగున్న రోజున కూడా గడప దాటడానికి భయపడింది, రాసింది ఎవరో తెలియదు కదా, పలకరించిన ప్రతివాళ్లనీ అనుమానంగానే చూసింది. డబ్బు ఆగినదానికన్నా నాకు అదే ఎక్కువ బాధ.

ఇంతకీ ఆయన పనికి వెళ్లడం తప్పేనా? బ్రిటన్‌లో పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్ అనే భృతిని ఉద్యోగం చేస్తూ కూడా తీసుకోవచ్చు. ముందు ఆయన పథకం నిబంధనలు చదవండి. మోసగాళ్లన్న ముద్ర తప్పుగా పడితే ఏమవుతుందో నెదర్లాండ్స్‌లో చూశాం. అక్కడ నేరుగా అధికారులే పిల్లల సంరక్షణ భృతి తీసుకున్న వేలమంది తల్లిదండ్రులని మోసగాళ్లన్నారు, చిన్న పొరపాటుకి కూడా మొత్తం డబ్బు వెనక్కి కట్టమన్నారు, ఎన్నో కుటుంబాలు అప్పులపాలయ్యాయి. చివరికి 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది.

మోసాలు లేవని అనడం లేదు. చనిపోయినవాళ్ల పేరు మీద డబ్బు తీసుకునేవాళ్లు, కమీషన్ కోసం దొంగ కాగితాలు పుట్టించే దళారులు కనిపిస్తే తప్పకుండా చెప్పండి, అది అర్హులకి అందాల్సిన డబ్బు.

రాస్తే మాత్రం చూసింది చూసినట్టు రాయండి: ఏ తేదీన, ఎన్ని గంటలకి, ఎక్కడ, ఏం చేస్తుండగా, ఎన్నిసార్లు. విన్నదైతే విన్నానని రాయండి. "మోసగాడు" అన్న మాట వద్దు, అది తేల్చాల్సింది అధికారులు. పేరూ నంబరూ ఇవ్వకపోతే వాళ్లు మిమ్మల్ని తిరిగి ఒక్క ప్రశ్న కూడా అడగలేరు, మీరు రాసిన నాలుగు ముక్కలతోనే విచారణ మొదలవుతుంది. ఆయన వెంట పడి ఫోటోలు తీయడం, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం అసలు చేయకండి. ఇంకొకటి, మీ ఒక్కరికే తెలిసే వివరం అందులో ఉంటే పేరు లేకపోయినా రాసింది మీరేనని ఆయన ఇట్టే గుర్తుపడతాడు, పంపే ముందు ఆ కోణంలో కూడా ఒకసారి చదువుకోండి.