సాఫ్ట్‌వేర్ కాదు, సాఫ్ట్‌బాల్: కోచ్ అవుతానంటున్న అమ్మాయికి దారేది?

ప్రశ్న: మా అమ్మాయి ఒహాయోలో ఒక డివిజన్ 3 కాలేజీలో కైనిసియాలజీ (శరీర కదలికల శాస్త్రం) రెండో ఏడాది చదువుతోంది. కాలేజీ సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) టీంలో క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే ఆటగత్తె. చదువయ్యాక కాలేజీ హెడ్ కోచ్ అవుతానని పట్టుబట్టింది. మావారేమో ఫిజికల్ థెరపీ చేయమంటున్నారు. ఇండియాలో మా అత్తగారికైతే అసలు ఇది ఉద్యోగమేనా అని సందేహం. దీంట్లో బతుకుదెరువు ఉంటుందా? ఎక్కడ మొదలుపెట్టాలి? (ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక తల్లి)

జవాబు: మీ అత్తగారి సందేహంలో వింతేమీ లేదు. మన దగ్గర కాలేజీలో అన్ని ఆటలకూ కలిపి ఒక్క ఫిజికల్ డైరెక్టర్ ఉంటారు. అమెరికాలో ఒక్క సాఫ్ట్‌బాల్‌కే హెడ్ కోచ్, అసిస్టెంట్లు, బడ్జెట్టు, గ్రౌండు అన్నీ వేరుగా ఉంటాయి. కాబట్టి ఇది నిఖార్సైన ఉద్యోగమే. జీతం ఎంతన్నది మాత్రం ఏ కాలేజీ అన్నదాన్ని బట్టి ఉంటుంది. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ కాలేజీలను మూడు డివిజన్లుగా విడదీసింది, డివిజన్ 1 అన్నిటికంటే పై స్థాయి.

అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో అన్ని ఆటల కోచ్‌లనూ స్కౌట్లనూ (ఆటగాళ్లను వెతికేవాళ్లను) కలిపి చూస్తే మధ్యస్థ జీతం ఏడాదికి దాదాపు 46 వేల డాలర్లు. ఓక్లహోమా యూనివర్సిటీ కోచ్ ప్యాటీ గాసో జీతం పది లక్షల డాలర్లు దాటిన మాట నిజమే గానీ, ఆమెను చూసి లెక్కలు వేసుకోకండి. ఆమె 1995 నుంచి అక్కడే ఉండి 8 జాతీయ టైటిళ్లు గెలిచారు. ఆమె దగ్గర చూడాల్సింది జీతం కాదు, మొదలైన చోటు. ఓక్లహోమాకు రాకముందు ఆమె పనిచేసింది లాంగ్ బీచ్ సిటీ కాలేజీ అనే రెండేళ్ల కాలేజీలో. అరిజోనాకు 8 టైటిళ్లు తెచ్చిన మైక్ క్యాండ్రియా కూడా సెంట్రల్ అరిజోనా కాలేజీ అనే మరో రెండేళ్ల కాలేజీ నుంచే వచ్చారు. మీ అమ్మాయి డివిజన్ 3లో ఆడుతోందని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. కాకపోతే పెద్ద డివిజన్ 1 కాలేజీలు అసిస్టెంట్లుగా ఎక్కువగా డివిజన్ 1లో ఆడినవాళ్లనే తీసుకుంటాయి. అందుకని ఆమె చిన్న కాలేజీల తలుపే ముందు తట్టాలి.

ఆ తలుపు పేరు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్, వాడుకలో జీఏ. డిగ్రీ కాగానే డివిజన్ 2, డివిజన్ 3, ఎన్‌ఏఐఏ (చిన్న కాలేజీల మరో క్రీడా సంఘం) కాలేజీల్లో మాస్టర్స్ చేస్తూ రెండేళ్లు కోచింగ్ చేస్తారు. చాలాచోట్ల ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, నెలకు కొద్దిగా స్టైపెండ్ ఇస్తారు. అప్పు లేకుండా మాస్టర్స్ వస్తుంది, హెడ్ కోచ్ ప్రకటనల్లో తరచూ కనిపించే ‘మాస్టర్స్ ఉంటే మేలు’ అన్న షరతూ తీరుతుంది. తర్వాత మూడు నుంచి ఆరేళ్లు అసిస్టెంట్‌గా, రెండు మూడు ఊళ్లు మారుతూ. అన్నీ కలిసొస్తే ముప్పై ఏళ్లు వచ్చేసరికి ఏదో చిన్న కాలేజీలో హెడ్ కోచ్. ఈ మధ్యకాలంలో డబ్బు బిగువుగానే ఉంటుంది. డివిజన్ 3 అసిస్టెంట్ ఉద్యోగాలు చాలావరకు పార్ట్‌టైమ్, సీజన్ మొత్తానికి కొన్ని వేల డాలర్లతో సరిపెట్టేవి. అలాంటిచోట పొద్దున ఇంకో పని చేసుకుంటేగాని గడవదు. డివిజన్ 1లో మాత్రం 2023 జూలై నుంచి వాలంటీర్ కోచ్ అన్న పేరే తీసేశారు, ఆ కుర్చీకి ఇప్పుడు జీతం ఇవ్వొచ్చు.

ఇక పని సంగతి. అమ్మాయిలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. గ్రౌండులో గడిచేది రోజుకు రెండున్నర గంటలు. డివిజన్ 1, 2 నిబంధనల ప్రకారం సీజన్లో ఆటగాళ్లతో వారానికి 20 గంటలకు, రోజుకు 4 గంటలకు మించకూడదు, ఒక రోజు పూర్తిగా సెలవివ్వాలి. మిగతా సమయమంతా రిక్రూటింగ్ ఫోన్లు, వీడియోలు, బస్సు బుకింగ్, హోటల్ గదుల జాబితా, తిండి ఖర్చు, వాన పడితే మ్యాచ్ ఏ రోజుకు మార్చాలన్న బేరాలు. చిన్న కాలేజీల్లో గ్రౌండు పనీ కోచ్‌దే. మట్టిని చదును చేయడం, సున్నం గీతలు గీయడం, తడిసినచోట నీళ్లు పీల్చే గుళికలు చల్లడం అన్నీ. ఒహాయో లాంటి చలి రాష్ట్రాల్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో జిమ్‌లోనే ప్రాక్టీసు. అందుకే చాలా జట్లు స్ప్రింగ్ బ్రేక్‌కు ఫ్లోరిడా వెళ్లి వారంలో పది దాకా మ్యాచ్‌లు ఆడొస్తాయి. ఆ ప్రయాణానికి డబ్బు సమకూర్చడం కూడా హెడ్ కోచ్ నెత్తినే పడుతుంది.

రిక్రూటింగ్ రాకపోతే ఎంత ఆట తెలిసినా ఉద్యోగం నిలవదు. వేసవంతా ట్రావెల్ బాల్ (స్కూలు బయటి క్లబ్ జట్ల) టోర్నమెంట్లలో కంచె వెనక కుర్చీ వేసుకుని, స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చోవాలి. డివిజన్ 1లో కోచ్‌లు హైస్కూల్ పదకొండో తరగతిలో సెప్టెంబర్ 1 వచ్చేదాకా ఆ అమ్మాయితో గానీ తల్లిదండ్రులతో గానీ రిక్రూటింగ్ మాటలు మాట్లాడకూడదు. తొమ్మిదో తరగతి పిల్ల తండ్రి వచ్చి ‘మా అమ్మాయి ఎలా ఆడింది?’ అంటే, నమస్కారం పెట్టి పక్కకు జరగాల్సిందే. కుర్ర అసిస్టెంట్లు దెబ్బతినేది ఇలాంటి చిన్నవాటి దగ్గరే. ‘బాగా ఆడావ్’ అని ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక్క మెసేజ్ పెడతారు, అది ఉల్లంఘన కింద రాసి పంపాల్సి వస్తుంది. డివిజన్ 3లో ఈ కట్టుబాట్లు కాస్త వదులు, కానీ అక్కడ క్రీడా స్కాలర్‌షిప్ ఇవ్వడానికి వీల్లేదు. డివిజన్ 2లో మొత్తం జట్టుకు 7.2 స్కాలర్‌షిప్‌లను పంచుకోవాలి. డివిజన్ 1లో ఇన్నాళ్లూ 12 ఉండేవి. కాలేజీ ఆటగాళ్లకు డబ్బు చెల్లించడంపై కుదిరిన 2025 కోర్టు ఒప్పందంలో చేరిన కాలేజీల్లో ఆ పరిమితి పోయి, జట్టులో 25 మందికి మించకూడదన్న లెక్క వచ్చింది. డివిజన్ 3 కోచ్ చేతిలో ఉండేవి మార్కులకు వచ్చే మెరిట్ సాయం, అవసరాన్ని బట్టి వచ్చే సాయం మాత్రమే. ఆ లెక్కలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని తల్లిదండ్రులకు అర్థమయ్యేలా చెప్పగలగాలి. తెలుగింట్లో పెరిగిన అమ్మాయికి ఆ సంభాషణ పుట్టుకతోనే వచ్చి ఉంటుందని నా నమ్మకం!

క్యాచర్ కావడం ఆమెకు నిజంగా కలిసొచ్చేది. గ్రౌండు మొత్తం ఎదురుగా కనిపించేది ఆ ఒక్కరికే. ఆమెలో కోచ్ ఉందో లేదో ఇంట్లోనే ఇలా తేల్చుకోవచ్చు. సాఫ్ట్‌బాల్‌లో బంతి పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగత్తె) చెయ్యి వదిలేదాకా రన్నర్ బేస్ (పరుగులో ఆగే గుర్తు) విడిచి కదలకూడదు. అక్కణ్నుంచి 60 అడుగులు 2.7 సెకన్లలో పరుగెత్తే అమ్మాయి మొదటి బేస్ నుంచి రెండో బేస్ దొంగిలించబోయింది, అంటే బ్యాటర్ బంతి కొట్టకుండానే పరుగెత్తి చేరబోయింది అనుకుందాం. బంతి క్యాచర్‌ను చేరడానికి సుమారు 0.45 సెకన్లు. క్యాచర్ గ్లవ్‌లో పడ్డప్పటి నుంచి రెండో బేస్ దగ్గర గ్లవ్ చేరేదాకా పట్టే సమయాన్ని పాప్ టైమ్ అంటారు. ఆ దూరం 84 అడుగుల 10 అంగుళాలు. పాప్ టైమ్ 1.8 అయితే మొత్తం 2.25, ట్యాగ్ చేయడానికి (బంతితో రన్నర్‌ను తాకి ఔట్ చేయడానికి) తీరిగ్గా 0.45 సెకన్లు మిగులుతాయి. 2.1 అయితే మిగిలేది 0.15 మాత్రమే, విసురు కొంచెం పక్కకు పోయినా రన్నర్ సేఫ్. ఆ 0.3 సెకన్లు ఎక్కడ పోయాయి? కొత్తవాళ్లు చెయ్యి బలం చాలలేదంటారు. ఫోన్‌లో స్లో మోషన్ తీసి చూస్తే తరచూ దొరికేది వేరు: గ్లవ్ నుంచి బంతిని చేతిలోకి తీయడంలో ఆలస్యం, లేదంటే కాళ్లు కుదురుకోకముందే విసరడం. మీ అమ్మాయి తన తప్పునే కాదు, పక్కనున్న జూనియర్ తప్పును కూడా ఇలా పట్టి, నొప్పించకుండా చెప్పి, రెండు వారాల్లో సరిచేయించగలిగితే ఈ వృత్తికి పనికొస్తుంది. ఎంత బాగా ఆడినా ఇది చేతకానివాళ్లు ఉన్నారు.

మీవారి మాటా కొట్టిపారేయదగ్గది కాదు. ఫిజికల్ థెరపీ డాక్టరేట్ మూడేళ్లు, దానికి కావాల్సిన అనాటమీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ కోర్సులకు కైనిసియాలజీ విద్యార్థి ఎలాగూ దగ్గరలోనే ఉంటుంది. అవి పూర్తి చేసి పెట్టుకుంటే ఆ తలుపు మూసుకోదు. కానీ చాలా ప్రోగ్రాములు పాతబడ్డ కోర్సులను ఒప్పుకోవు. కాబట్టి పాతికేళ్లు దాటకముందే ఏదో ఒకటి తేల్చుకోవాలి. రెండూ ఒకేసారి చేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి, జీఏ పని, డాక్టరేట్ క్లినిక్కులు ఒకే వారంలో ఇమడవు.

ఆమె అమెరికా పౌరురాలో గ్రీన్‌కార్డు ఉన్న పిల్లో అయితే ఈ పేరా వదిలేయండి. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే 21 ఏళ్లకు ఆ హోదా పోతుంది, ముందే ఎఫ్1కు (విద్యార్థి వీసాకు) మారే ఏర్పాటు చూడాలి. ఎఫ్1 మీద చదువు నడుస్తున్నప్పుడు క్యాంపస్ ఉద్యోగం వారానికి 20 గంటలకు మించకూడదు, జీఏ పని అసలు గంటలు దాన్ని దాటడం మామూలు కాబట్టి కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుతో ముందే రాతపూర్వకంగా మాట్లాడుకోవాలి. వారాంతాల్లో పిల్లలకు బ్యాటింగ్ నేర్పి డబ్బు తీసుకోవడం ఎఫ్1 మీద కుదరదు. యూనివర్సిటీలకు హెచ్1బీ లాటరీ లేకపోవడం మేలే గానీ, కోచ్ ఉద్యోగానికి ఫలానా డిగ్రీ తప్పనిసరి అని రుజువు చేయడం దగ్గర ఫైళ్లు ఆగిపోతుంటాయి. ఇమిగ్రేషన్ లాయర్ ఫీజు ఇక్కడ దండగ కాదు.

మొదటి హెడ్ కోచ్ ఆఫర్ వచ్చిన రోజు సంబరంలో సంతకం పెట్టేయకుండా అడగాల్సినవి కొన్నున్నాయి. అసిస్టెంట్ ఫుల్‌టైమా, పార్ట్‌టైమా? స్కాలర్‌షిప్ డబ్బు కాగితం మీద ఎంత, నిజంగా ఇచ్చేది ఎంత? గ్రౌండు కాలేజీదా, ఊరి పార్కుదా? గత మూడేళ్లలో జట్టు నుంచి ఎంతమంది వెళ్లిపోయారు, పోయిన కోచ్ ఎందుకు పోయారు? ఇద్దరే పిచర్లున్న జట్టును అప్పగించి మొదటి ఏడాదే గెలవమనే చోట్లుంటాయి. ఏప్రిల్ వచ్చేసరికి ఆ ఇద్దరి భుజాలు అరిగిపోతాయి, నింద మాత్రం కొత్త కోచ్ మీద పడుతుంది.

ఇప్పుడు చేయాల్సింది: తన కోచ్‌ను అడిగి వారానికి ఒక ప్రాక్టీసులో క్యాచర్ల 20 నిమిషాల భాగాన్ని తానే ప్లాన్ చేసి నడపాలి, ప్రతి ప్లానూ ఒక ఫైల్లో దాచుకోవాలి. వేసవిలో కాలేజీ క్యాంపుల్లో పనిచేయాలి, అక్కడ పరిచయమైన కోచ్‌లే రేపు జీఏ ఖాళీ ఉందని కబురు పెడతారు. ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ సర్టిఫికెట్లు తెచ్చుకోవాలి. నేషనల్ ఫాస్ట్‌పిచ్ కోచెస్ అసోసియేషన్ సభ్యత్వం తీసుకుని, చివరి ఏడాది డిసెంబర్‌లో జరిగే వాళ్ల కన్వెన్షన్‌కు రెజ్యూమేతో పాటు ఆ ప్రాక్టీసు ప్లాన్ల ఫైలు పట్టుకెళ్లాలి. ఖాళీలు ఎక్కువగా బయటపడేది సీజన్ ముగిసిన మే నుంచి జూలై మధ్య. ఆ మూడు నెలలు ఆమె ఫోన్ ఎత్తేలా, వారంలో ఊరు మారేలా ఉండాలి. మీరు ఆ వేసవికి ఇండియా టికెట్లు కొనకండి.