ట్రంక్ రిజిస్టర్ అయింది, కానీ ఒకవైపు మాటే వినిపించి అరనిమిషంలో కాల్ తెగిపోతోంది: ఎక్కడ వెతకాలి?

మీరు చెప్పినది ఇదీ: కర్నూలు ప్రధాన కార్యాలయంలో అస్టరిస్క్ (ఫోన్ ఎక్స్ఛేంజ్‌గా పనిచేసే సాఫ్ట్‌వేర్), అనంతపురం శాఖలో రెడీమేడ్‌గా కొన్న ఐపీ పీబీఎక్స్ (ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజ్ పెట్టె), మధ్యలో బ్రాడ్‌బ్యాండ్ మీద సిప్ ట్రంక్, అంటే ఇంటర్నెట్ మీద ఆ రెండింటినీ కలిపే ఫోన్ లైను. రెండుచోట్లా ట్రంక్ రిజిస్టర్ అయినట్టు పచ్చగా కనిపిస్తోంది. కర్నూలు నుంచి చేస్తే అక్కడ మోగుతుంది, ఎత్తుతారు, మీ మాట వాళ్లకు వినిపిస్తుంది, వాళ్ల మాట మీకు వినిపించదు. అరనిమిషానికి కాల్ తెగుతుంది. అనంతపురం నుంచి మీకు కాల్ రావడమే లేదు.

ముందుగా ఆ పచ్చ గుర్తును నమ్మడం మానేయండి. ఒక పెట్టె మరో పెట్టెకు తన ఉనికి చెప్పుకుందని తప్ప దానికి వేరే అర్థం లేదు. కాల్ కలిపే సంకేతాలు వేరు, మాట ప్రయాణించే దారి వేరు. సంకేతాలు సాధారణంగా 5060 పోర్టు మీద నడుస్తాయి. మాట ఆర్‌టీపీ ప్యాకెట్లుగా వేరే యూడీపీ పోర్టుల మీద వెళ్తుంది; అస్టరిస్క్‌లో మామూలుగా అవి 10000 నుంచి 20000 వరకు. మీ మూడు లక్షణాలకూ మూడు వేర్వేరు కారణాలు ఉండే అవకాశమే ఎక్కువ. అందుకే సెట్టింగులు ఒక్కొక్కటిగా మార్చి చూడటం కంటే, కర్నూలు సర్వర్‌లో ఎస్ఎన్‌గ్రెప్ (సిప్ సంకేతాలను తెరపై చూపే ప్రోగ్రామ్) తెరిచి ఒక్క కాల్ చేసి చూడటం మేలు. అనంతపురం పెట్టెలో ప్యాకెట్ క్యాప్చర్ సదుపాయం ఉంటే అదే కాల్‌ను అక్కడా పట్టండి.

కడపలో ప్రధాన దుకాణం, ప్రొద్దుటూరులో శాఖ ఉన్న ఒక బట్టల వ్యాపారికి ఫోన్ల పని నేనే చూస్తాను. అక్కడా కాల్ సరిగ్గా అరనిమిషానికే తెగేది. ఎస్ఎన్‌గ్రెప్ తెరపై చూస్తే ఫోను ఎత్తగానే ప్రొద్దుటూరు నుంచి 200 ఓకే (కాల్ ఎత్తామనే జవాబు) వచ్చింది, కడప దానికి ఏక్ (అందిందనే రసీదు) పంపింది, అయినా అదే 200 ఓకే మళ్లీ వచ్చింది, మళ్లీ వచ్చింది. ఆ సంకేతాలను చూపే బాణాల మధ్య వ్యవధి అర సెకను, ఒక సెకను, రెండు, నాలుగు అలా పెరిగి, చివరికి ప్రొద్దుటూరే బై పంపి కాల్ ముగించింది. సిప్ ప్రమాణం ప్రకారం ఏక్ అందకపోతే 32 సెకన్లు చూసి వదిలేయాలి. 500 మిల్లీసెకన్ల మూల వ్యవధికి 64 రెట్లు అది. కాబట్టి కాల్ 32 సెకన్ల దగ్గర తెగితే ఏక్ ఎక్కడికి పోయిందో వెతకండి, ఇంటర్నెట్ వేగాన్ని అనుమానించకండి.

ఆ ఏక్ ఎక్కడికి పోయిందంటే, 200 ఓకేలో, తర్వాతి సంకేతాలు ఎక్కడికి పంపాలో చెప్పే కాంటాక్ట్ వరుసలో 192.168తో మొదలయ్యే లోపలి చిరునామా ఉంది. కడప సర్వర్ బుద్ధిగా అక్కడికే పంపింది. ఊరు, వీధి లేకుండా 'రెండో గది' అని మాత్రమే రాసిన ఉత్తరం లాంటిది అది. మీ అస్టరిస్క్ పీజేసిప్ (అందులో సిప్‌ను నడిపే భాగం) మీద ఉంటే ఆ ట్రంక్ ఎండ్‌పాయింట్‌కు రీరైట్ కాంటాక్ట్, ఫోర్స్ ఆర్‌పోర్ట్, ఆర్‌టీపీ సిమెట్రిక్ మూడింటికీ 'యెస్' పెట్టండి, డైరెక్ట్ మీడియాకు 'నో' పెట్టండి.

మాట ఒకవైపే వినిపించడానికి కారణం మీ వైపే ఉందని నా అంచనా. కర్నూలు నుంచి వెళ్లే ఇన్వైట్ (కాల్ మొదలుపెట్టే సంకేతం)లోని ఎస్‌డీపీలో, అంటే మాటను ఎక్కడికి పంపాలో చెప్పే భాగంలో, 'సీ' అక్షరంతో మొదలయ్యే వరుస చూడండి. అక్కడ 192.168 కనిపిస్తే అనంతపురం మాటను పంపుతూనే ఉంది, అది మీకు చేరే దారి లేదు. ట్రాన్స్‌పోర్ట్ విభాగంలో మీ పబ్లిక్ చిరునామాను ఎక్స్‌టర్నల్ మీడియా, ఎక్స్‌టర్నల్ సిగ్నలింగ్ రెండింటికీ ఇవ్వండి, లోపలి నెట్‌వర్క్‌ను లోకల్ నెట్‌గా చూపండి. రెండు రౌటర్లలోనూ సిప్ ఏఎల్‌జీ (సిప్ సంకేతాల్లోని చిరునామాలను రౌటరే మార్చే సదుపాయం) కచ్చితంగా ఆపేయండి. ప్రొద్దుటూరు రౌటర్‌లో అది ఎస్‌డీపీలోని చిరునామాను మార్చి కాంటాక్ట్‌ను అలాగే వదిలేసింది. సాయం పేరుతో సగం పని చేసే ఇలాంటి సదుపాయం అసలు లేకపోవడమే నయం.

అనంతపురం నుంచి కాల్ రాకపోవడం తేలిక. వచ్చిన ఇన్వైట్‌కు మీ సర్వర్ ఏ అంకెతో జవాబిస్తోందో చూడండి. 404 అయితే ట్రంక్‌ను గుర్తించింది, ఆ నంబరే డయల్‌ప్లాన్‌లో (ఏ నంబరు ఎక్కడ మోగాలో చెప్పే పట్టికలో) లేదు. వాళ్లు ముందు 7 కలిపి 7201 అని పంపుతూ, ఆ ట్రంక్‌కు కేటాయించిన డయల్‌ప్లాన్ భాగం (కాంటెక్స్ట్)లో 201 మాత్రమే ఉంటే ఇలాగే అవుతుంది. ఏదో ఒక చోట ఆ 7 తీసేయాలి. 401 (గుర్తింపు అడిగే జవాబు) తర్వాత ముందుకు కదలకపోతే ఫ్రమ్ వరుస చూడండి. చాలా పెట్టెలు అక్కడ ట్రంక్ పేరుకు బదులు కాల్ చేసినవారి ఎక్స్‌టెన్షన్ పెడతాయి, దాంతో అస్టరిస్క్‌కు ఇది ఎవరి కాలో తెలియదు. ఐడెంటిఫై విభాగంలో అనంతపురం ఐపీ ఇస్తే సరిపోతుంది, ఆ ఐపీ మారకుండా ఉంటే.

అసలు అది పబ్లిక్ ఐపీయేనా అన్నది రౌటర్ పేజీలో వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) చిరునామా చూస్తే తెలుస్తుంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్నవాటిలో ఏదైనా కనిపిస్తే మీరు ఇంటర్నెట్ సంస్థ నాట్ (చాలామందికి కలిపి ఒకే పబ్లిక్ చిరునామా వాడే ఏర్పాటు) వెనక ఉన్నారు, పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయదు. ప్రొద్దుటూరులో అదే పరిస్థితి. స్టాటిక్ ఐపీ ఉన్న కడపకు అక్కడి నుంచి వైర్‌గార్డ్ వీపీఎన్ (ఇంటర్నెట్ మీద రెండు చోట్లను కలిపే ప్రైవేటు దారి) వేశాం, ఆ దారి మూసుకుపోకుండా పంపే కీప్ అలైవ్‌ను 25 సెకన్లు పెట్టాం. రెండు దుకాణాల్లోనూ 192.168.1 నెట్‌వర్కే ఉండటంతో ప్రొద్దుటూరును 192.168.20కి మార్చాల్సి వచ్చింది. వీపీఎన్ వేస్తే అవతలి నెట్‌వర్క్‌ను కూడా లోకల్ నెట్‌లో చేర్చండి. లేకపోతే అస్టరిస్క్ వీపీఎన్ లోపల కూడా పబ్లిక్ చిరునామానే రాసి పంపుతుంది, మాట మళ్లీ పోతుంది.

కోడెక్ (మాటను డేటాగా మార్చే పద్ధతి) విషయంలో రెండువైపులా జీ.711 ఏ-లా ఉంచండి చాలు. ఆ పద్ధతి కుదరదనే 488 జవాబు వస్తేనే దాని జోలికి వెళ్లండి.

నన్ను నిజంగా కలవరపెడుతున్నది మీరు చివర్లో రాసిన మాట, పరీక్ష కోసం 5060ను అందరికీ తెరిచారని. ఈరోజే మూసేయండి. తెరిచిన సిప్ పోర్టులను వెతికే ప్రోగ్రాములు ఇంటర్నెట్‌లో రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. పాస్‌వర్డ్ బలహీనంగా ఉంటే మీ లైన్ల మీద ఐఎస్‌డీ కాల్స్ వెళ్లిపోతాయి, బిల్లు మీరే కట్టాలి. ఫైర్‌వాల్‌లో అనంతపురం ఐపీకి, మీ టెలికాం సంస్థ ఐపీకి మాత్రమే అనుమతి ఇవ్వండి. ఆ తర్వాత కూడా కాల్ తెగుతుంటే ఎస్ఎన్‌గ్రెప్ క్యాప్చర్‌లో పబ్లిక్ ఐపీలు, పాస్‌వర్డ్ హ్యాష్‌లు చెరిపి ఇక్కడ పెట్టండి, ఏ వరుస తప్పో చూసి చెబుతాను.