కొత్తగా చేరినవారు మూడు నెలలకే మానేస్తున్నారు, జీతాలు పెంచాలా?

పదిమంది పనిచేసే చిన్న సంస్థ అన్నారు. ఎవరు చేరినా మూడు నెలలు తిరగకుండా వెళ్లిపోతున్నారన్నారు. జీతాలు పెంచాలా అని అడిగారు. చేరిన మొదటి రోజు వాళ్లకు మీరు ఏం చెప్పారో మాత్రం ఎక్కడా రాయలేదు. జీతం పెంచితే మంచిదే, పెంచండి. కానీ మనుషులు వెళ్లిపోయేది అందుకేనంటే నేను ఒప్పుకోను. జీతం ఎంతో తెలిసే చేరారు కదా. వాళ్లకు తెలియనిది పని సంగతే.

నేను చాలా ఏళ్లుగా రక్తపరీక్షల ల్యాబుల్లో పనిచేస్తున్నాను. కొత్తవాళ్లు ఎందుకు మానేస్తారో అక్కడ చూసినంత దగ్గరగా ఇంకెక్కడా చూడలేరు.

ఒక ల్యాబులో డి.ఎం.ఎల్.టి. (ల్యాబు టెక్నీషియన్ డిప్లొమా) పూర్తిచేసిన అమ్మాయి చేరింది. మొదట కౌంటరులో బిల్లులు వేయమన్నారు. తర్వాత రిపోర్టులు కవర్లలో పెట్టమన్నారు. శాంపిళ్లు తీసే మనిషి సెలవు పెట్టిన రోజున సిరంజి చేతికిచ్చి కూర్చోబెట్టారు. ఆమెకు దక్కిన శిక్షణంతా యజమాని చెప్పిన ఒక్క మాట: "రెండోసారి గుచ్చకూడదు, పేషెంట్ల నుంచి కంప్లైంటు రాకూడదు."

పొద్దున్నే పరగడుపుతో వచ్చినవాళ్ల రద్దీ. బీపీ మాత్రలు వాడే ఒక పెద్దాయన మామూలు పరీక్షలకు వచ్చారు. మెషీను మీద ఫలితం చూస్తే పొటాషియం 9 దాటింది. ఆరోగ్యంగా ఉన్నవారికి అది 3.5 నుంచి 5 మధ్య ఉంటుంది. 8.5కు తగ్గకూడని కాల్షియం 5 కూడా లేదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము బాగా పడిపోయింది. ఆ అంకెలే నిజమైతే ఆ మనిషి ఐసీయూలో ఉండాలి. ఆయనేమో బయట బెంచీ మీద చెప్పులు విప్పుకుని, కాలు మీద కాలు వేసుకుని పేపరు చదువుతున్నారు.

ఈ మూడూ ఒకేసారి కనబడితే అనుభవం ఉన్నవారికి వెంటనే తెలిసిపోతుంది. ఊదా మూత ట్యూబులోని రక్తం ఎరుపు మూత ట్యూబులో పడింది. ఊదా మూత ట్యూబు లోపల రక్తం గడ్డకట్టకుండా ఉండేందుకు పొటాషియం కలిసిన ఇ.డి.టి.ఎ. అనే రసాయనం ఉంటుంది. అది రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, తనలోని పొటాషియాన్ని వదులుతుంది. రిపోర్టు ఆపి, పెద్దాయనకు సర్దిచెప్పి ఇంకో చేతి నుంచి రక్తం తీసి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ మొదటి రిపోర్టే డాక్టరు చేతికి వెళ్లి ఉంటే, లేని జబ్బుకు వైద్యం మొదలయ్యేది.

యజమాని పేషెంట్లందరి ముందే అరిచాడు. "సర్టిఫికెట్ చదివి తెచ్చుకున్నావా, కొనుక్కొచ్చావా?" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ మంట పుట్టిస్తుంది. ఆ అమ్మాయి లోపలికి వచ్చి ఏడుస్తూ అసలు సంగతి చెప్పింది. "ఎర్ర ట్యూబుకు రక్తం చాలలేదక్కా. మళ్లీ గుచ్చితే తిడతారని ఇందులోది కొంచెం అందులో పోశాను."

చూశారా? తనకు చెప్పిన మాట ఆమె వినలేదని ఎవరూ అనలేరు. చెప్పిన ఒక్క మాటనూ తు.చ. తప్పకుండా పాటించింది. రక్తం చాలకపోతే ఏం చేయాలో, ఎవరిని పిలవాలో, రెండోసారి గుచ్చే అధికారం తనకు ఉందో లేదో చెప్పిన మనిషి లేడు.

ఆ మధ్యాహ్నం రద్దీ తగ్గాక ట్రేలో ట్యూబులు వరుసగా పేర్చి ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాను. రక్తం నింపాల్సిన వరుస చెప్పాను: ముందు లేత నీలం మూతది, తర్వాత ఎరుపు లేదా పసుపు, ఆపైన ఆకుపచ్చ, ఊదా, చివరికి బూడిద రంగు. నీలం దాంట్లో గీత దాకా నిండాల్సిందే, ట్యూబులో ముందే ఉన్న ఒక వంతు గడ్డకట్టనివ్వని మందుకు తొమ్మిది వంతుల రక్తం. ఊదాదాన్ని ఎనిమిది, పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, గిలకొట్టకూడదు. ప్రతిదానికీ ఎందుకో కూడా చెప్పాను. తర్వాత నాకే తిరిగి చెప్పమన్నాను. మర్నాడు నా ఎదుటే తీయించాను. రక్తం చాలకపోతే పేషెంటుకు నిజం చెప్పి మళ్లీ గుచ్చు, ఎవరైనా అడిగితే నేను చెప్పానని చెప్పు అన్నాను. పట్టింది కొద్ది గంటలే. కానీ అప్పటికే ఆలస్యమైంది. నెలాఖరుకు ఆమె మానేసింది. "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు" అన్నాడు యజమాని.

నేర్పడానికి తీరిక ఎక్కడిది అంటారు మీరు కూడా. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో ఎన్నడూ పనిముట్టు పట్టనివాళ్లను కర్మాగారాల్లోకి తీసుకోవాల్సి వచ్చింది. అప్పుడు 1940లో ఒక ప్రభుత్వ కార్యక్రమం పెట్టి, సూపర్‌వైజర్లకు పని నేర్పే పద్ధతి నేర్పారు. మనిషిని సిద్ధం చేయి, చేసి చూపించు, చేయించి చూడు, తర్వాత కనిపెట్టుకుని ఉండు. అంతే. యుద్ధం నెత్తిన పెట్టుకుని వాళ్లకు దొరికిన తీరిక మన చిన్న సంస్థల్లో దొరకదా? నీళ్లలో తోస్తే ఈత అదే వస్తుందనేవాళ్లు మునిగినవాళ్ల లెక్క చెప్పరు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ల్యాబుల నాణ్యతకు గుర్తింపునిచ్చే సంస్థ ఎన్.ఎ.బి.ఎల్. నుంచి గుర్తింపు కావాలంటే, మెడికల్ ల్యాబుల అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 15189 ప్రకారం ఎవరి బాధ్యత ఏమిటో రాసి ఉండాలి, శిక్షణ ఇచ్చినట్టు, పని వచ్చో రాదో పరీక్షించినట్టు రికార్డు ఉండాలి. నియమం చక్కనిది. కానీ తనిఖీకి ముందు రోజు సాయంత్రం అందరినీ పిలిచి ఏడాది పొడవునా జరిగినట్టు వరుసగా సంతకాలు పెట్టించడం నేను కళ్లారా చూశాను. తన బాధ్యతలు రాసిన కాగితం బీరువాలో ఉందని ఆ ఉద్యోగికే తెలియదు. ఇక ప్రకటనల్లో "అన్ని పనులూ వచ్చి ఉండాలి, జీతం మాట్లాడుకుందాం" అని రాసేవాళ్లను ఏమనాలి? ఏ పనికి పిలుస్తున్నారో రాయడానికి బద్ధకం, వచ్చినవాడికి మాత్రం అన్నీ తెలియాలి.

మీ సంగతికొస్తే, కొత్తగా వచ్చే మనిషికి ఒక్క పేజీ రాసివ్వండి. చేయాల్సిన పనులు, చేయకూడని పనులు, అనుమానం వస్తే ఏ మనిషిని అడగాలి. ఆ మనిషికి చెప్పి, కొన్నాళ్లు ఆయన పని భారం కొంత తగ్గించండి. లేకపోతే ఆయన నేర్పడు, విసుక్కుంటాడు. అడిగినందుకు ఎవరినీ తిట్టనివ్వకండి, ముఖ్యంగా బయటివాళ్ల ముందు. ఉద్యోగం మానకుండా ఉండాలని వాళ్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ దగ్గర పెట్టుకునే అలవాటు ఉంటే, వాటిని ఈ వారమే తిరిగి ఇచ్చేయండి.