పచ్చ రిపోర్టును నమ్మకు, చిట్టీ

చిట్టీ,

మీ అమ్మ ఫోన్ చేసి, నానక్‌రామ్‌గూడ ఆఫీసులో సర్వర్లన్నిటి సెక్యూరిటీ చెకింగ్ ఆటోమేట్ చేసే పని నీకే అప్పజెప్పారని చెప్పింది. గర్వంగా అనిపించింది. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ఈ పని బాగా చేస్తే ఎవరికీ తెలియదు, తేడా వస్తే ముందు నీ పేరే వినిపిస్తుంది. వాట్సాప్‌లో చెబితే బొటనవేలు బొమ్మ పెట్టి వదిలేస్తావని ఉత్తరం రాస్తున్నా.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. రూల్స్ సొంతంగా కనిపెట్టకు, సర్వర్ సెట్టింగులు ఎలా ఉండాలో చెప్పే సీఐఎస్ బెంచ్‌మార్కులు తీసుకో. చెకింగ్ చేసిపెట్టే ఓపెన్‌స్కాప్, ఇన్‌స్పెక్ లాంటి రెడీమేడ్ టూల్స్ ఉండగా అంతా మొదటి నుంచి రాసుకోకు. ప్రతి మార్పూ, ఎవరు ఎప్పుడు చేశారో గుర్తుంచే గిట్‌లో ఉండాలి. మొదట్లో చూడటం వరకే, సరిదిద్దే పని స్క్రిప్టుకు ఇవ్వకు. బెంచ్‌మార్క్ చెప్పింది కదా అని టెంప్ ఫోల్డర్‌కు నోఎగ్జెక్ (అక్కడి నుంచి ఏ ప్రోగ్రామూ నడవకుండా ఆపే సెట్టింగ్) పెట్టేస్తే, అక్కడ ఫైళ్లు విప్పుకుని నడిచే అప్లికేషన్లు పడిపోతాయి. అదీ జీతాలు వేసే రోజున పడిపోయిందనుకో!

ఇక అసలు విషయం. సైబర్ టవర్స్ చుట్టూ ఇంకా బండరాళ్లే కనిపించే రోజుల్లో ఒక కంపెనీలో చేసేదాన్ని. మా టీమ్ లీడ్ తెలివైనవాడే. అతను రాసిన స్క్రిప్ట్ రోజూ రాత్రి అన్ని సర్వర్లలోకి లాగిన్ అయి తప్పు సెట్టింగుల కోసం వెతికేది. దొరికితే ఎరుపు, దొరక్కపోతే పచ్చ. పొద్దున్నే మెయిల్‌లో రిపోర్టు. మెల్లగా ఎరుపు తగ్గింది, ఒక రోజు మొత్తం పచ్చగా వచ్చేసింది. స్వీట్లు పంచారు. దసరాకి సర్వర్ రూమ్‌లో రాక్‌లకు బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టినప్పుడు కూడా మేనేజర్ ఆ పచ్చ రిపోర్టు గొప్పే చెప్పాడు.

తర్వాత ఆడిటర్ వచ్చాడు. ఎక్కువ మాట్లాడని మనిషి. లిస్టులో ఒక సర్వర్ మీద వేలు పెట్టి, ‘దీన్ని నా ముందు చెక్ చేయండి’ అన్నాడు. లాగిన్ కాలేదు. స్క్రిప్ట్ వాడే అకౌంట్ పాస్‌వర్డ్ గడువు అయిపోయింది. 90 రోజులకోసారి పాస్‌వర్డ్ మార్చాలన్న రూలు అందరిచేతా పాటింపజేసింది మా టీమే! లోపలికే వెళ్లలేని స్క్రిప్టుకు తప్పులు ఎక్కడ దొరుకుతాయి? దొరకలేదు కాబట్టి పచ్చ. తప్పు లీడ్‌ది, మాట పడింది మాత్రం దాన్ని షెడ్యూల్‌లో పెట్టిన కొత్తమ్మాయి. నీ వయసే. తర్వాత ఉద్యోగం మానేసింది. నాకు నిద్ర ఎందుకు పట్టలేదో ఇప్పుడు అర్థమైందా?

పెద్ద కంపెనీలేమీ దీనికి అతీతం కాదు. 2017లో అమెరికాలో జనం అప్పుల చరిత్ర నమోదు చేసే ఈక్విఫాక్స్ కంపెనీ నుంచి దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. వాళ్ల వెబ్‌సైట్ వాడే అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో లోపం సంగతి మార్చిలోనే తెలిసింది, స్కాన్ కూడా చేశారు, దొరకలేదు. నెట్‌వర్క్‌లో వచ్చిపోయే డేటాను విప్పి చూడాల్సిన పరికరంలో, అందుకు కావాల్సిన డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరిపోయి నెలలు గడిచినా ఎవరూ గమనించలేదు. జూలై చివర్లో కొత్తది వేశారో లేదో, దొంగల రాకపోకలు బయటపడ్డాయి.

కాబట్టి నీ రిపోర్టులో మూడో రంగు పెట్టు: ‘చూడలేకపోయాం’. ఎరుపు కన్నా దానికే ఎక్కువ భయపడు. ఇంకొకటి. బయటి నెట్‌వర్క్ తగలని చోట ఒక సర్వర్‌ను కావాలనే తప్పు సెట్టింగులతో ఉంచు. ఆ గొడవ తర్వాత మేం అలా ఒకటి పెట్టుకుని దిష్టిబొమ్మ అని పిలిచేవాళ్లం. అది రోజూ ఎరుపుగా రావాలి. రాని రోజు రిపోర్టు మొత్తం అవతల పారెయ్. సర్వర్ల లిస్టుకు కూడా ఎవరో ఉంచిన ఎక్సెల్ షీటును నమ్మకు. క్లౌడ్ అకౌంట్ల నుంచి, నెట్‌వర్క్ స్కాన్ నుంచి తెచ్చుకుని పోల్చి చూడు.

ఆ స్క్రిప్ట్ అకౌంట్ దగ్గర అన్ని సర్వర్ల తాళాలూ ఉంటాయి. దానికి చదివే హక్కు చాలు. దాని కీ, పాస్‌వర్డ్‌లు భద్రంగా దాచే వాల్ట్‌లో ఉండనీ, నీ సొంత ఐడీతో మాత్రం ఎప్పుడూ నడపకు. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాలు ఒకసారి కూర్చుని చదువు. దాడి సంగతి గమనించిన 6 గంటల్లో వాళ్లకు తెలియజేయాలి, లాగ్‌లు (సర్వర్లలో ఏం జరిగిందో రాసుకునే రికార్డులు) 180 రోజులు ఉంచాలి, సర్వర్ల గడియారాలు కలవాలి. ఇవన్నీ స్క్రిప్ట్ రోజూ చూడగలిగినవే (ఆ 6 గంటల ఫోన్ ఎవరు చేయాలన్నది తప్ప, అది ఇప్పుడే తేల్చుకో).

‘దీన్ని ప్రస్తుతానికి వదిలెయ్’ అని మేనేజర్ నోటిమాటగా అంటే ఊరుకోకు. ఎవరు ఒప్పుకున్నారు, ఎందుకు, ఎప్పటివరకు, అన్నీ మెయిల్‌లో రాయించుకో. మొహమాటపడితే రేపు ఆ కొత్తమ్మాయి కుర్చీలో నువ్వుంటావు. కోప్పడుతున్నాననుకోకు తల్లీ. అర్ధరాత్రి అలర్ట్ నీ ఒక్కదాని ఫోన్‌కే రాకుండా చూసుకో, ఒంటరిగా బయల్దేరకు.

ఆదివారం కూకట్‌పల్లి రా, పులిహోర చేస్తాను. ల్యాప్‌టాప్ కూడా తెచ్చుకో. లాగిన్ ఫెయిలైతే నీ స్క్రిప్ట్ ఏ రంగు చూపిస్తుందో తినేముందే చూడాలి.

నీ పెద్దమ్మ