డిసెంబర్ సీజన్‌లో సంగీత విద్వాంసుల ఫొటోలు తీయాలంటే ఎలా మొదలుపెట్టాలి?

మీరు రెండు విషయాలు అడిగారు. కొత్తగా కెమెరా కొన్నారు, చెన్నైలో ఈ మార్గళి (మన ధనుర్మాసం) కచేరీల్లో పేరున్న విద్వాంసుల పోర్ట్రెయిట్లు తీయాలని ఉంది, దానికి ఏ లెన్స్ కావాలన్నది ఒకటి. అంత పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి అడగాలంటే టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలన్నది రెండోది. లెన్స్ సంగతి చివర్లో చెప్తాను. ముందు నాకు జరిగింది చెప్పనివ్వండి, రెండో ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

నేను నెల్లూరు నుంచి వచ్చి వడపళనిలో ఒక స్టూడియోలో చేరాను. పెళ్లిళ్లు, సీమంతాలు తీసేవాణ్ణి. సంగీతం అంటే ఇష్టమే కానీ రాగాలు గుర్తుపట్టేంత జ్ఞానం లేదు. ఒక డిసెంబర్‌లో మైలాపూర్‌లోని చిన్న సభకు (ఇక్కడ కచేరీలు ఏర్పాటు చేసే సంస్థల్ని సభలంటారు) కెమెరా పట్టుకుని వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను. ఆ రోజు వయొలిన్ మీద ఉన్నది విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్దాయన. పేరు రాయను, ఆయనకు అది ఇష్టముండదు. మాస్టారు అనే అంటాను. ఆలాపన సాగుతుంటే నేను ఆగకుండా షట్టర్ నొక్కుతూనే ఉన్నాను. నా పాత కెమెరా చప్పుడు ఆ హాల్లో ఎంత గట్టిగా వినిపిస్తోందో నాకు తెలియలేదు.

కచేరీ అయ్యాక చేత్తో సైగ చేసి పిలిచారు. నా మాట వినగానే తెలుగువాడినని ఆయనకు తెలిసిపోయింది. "నాయనా, ఆలాపన ఎత్తుకున్నప్పుడు కాస్త ఆగు. తని ఆవర్తనం మొదలయ్యాక ఎన్ని కావాలంటే అన్ని తీసుకో" అన్నారు. అంతే, కోపం లేదు.

ఆ ఒక్క మాట నాకు చాలా నేర్పింది. తని ఆవర్తనం అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం. అందులో మృదంగం, ఘటం చప్పుడు షట్టర్‌ని మింగేస్తాయి, అది సరే. అసలు విషయం వేరే ఉంది. అప్పుడు గాయకుడు, వయొలిన్ విద్వాంసుడు ఖాళీగా ఉంటారు. తొడ మీద తాళం వేస్తూ, పక్కవాళ్ల వాయిద్యం వింటూ ఉంటారు. వింటున్న సంగీతకారుడి ముఖం చూశారా ఎప్పుడైనా? పాడుతున్నప్పటి ముఖం కన్నా అదే ఎక్కువ తెరిచి ఉంటుంది. తారస్థాయి షడ్జం (పై 'స') దగ్గర తీసిన ఫొటోల్లో నోరు, మైకు, బిగుసుకున్న మెడ నరాలు తప్ప మనిషి కనిపించడు. తాళంలో మంచి లెక్క పడ్డప్పుడు "భళా" అంటూ తల ఊపే ఆ అర సెకను కోసం నేను ఇప్పటికీ గంటన్నర ఎదురుచూస్తాను.

కొన్నాళ్లకు ధైర్యం చేసి మాస్టారి ఇంటికి వెళ్లి పోర్ట్రెయిట్ తీస్తానని అడిగాను. రమ్మన్నారు. నేను వెళ్లేసరికి జరీ శాలువా కప్పుకుని, రేషన్ కార్డు ఫొటోకి కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నారు. నలభై దాకా తీశాను. ఒక్కదాంట్లోనూ ఆయన లేరు. అమ్మగారు కాఫీ తెచ్చారు, నేను కెమెరా పక్కన పెట్టి తాగుతున్నాను. అంతలో పాఠానికి ఒక అమ్మాయి వచ్చింది. మాస్టారు శాలువా తీసి కుర్చీ మీద వేసి కింద కూర్చున్నారు. వయొలిన్ తల కుడి పాదం మీద ఆనించి, శ్రుతి సరిచేసి, తోడి రాగంలో గాంధారం ('గ' స్వరం) ఎలా పలకాలో ఆ పిల్లకు చూపించడం మొదలుపెట్టారు. అనుమతి అడిగి రెండు మూడు ఫ్రేములు తీశాను. కిటికీ వెలుతురు తప్ప ఏమీ లేదు, షట్టర్ వేగం 1/30 సెకనుకి పడిపోయింది. ముఖం స్పష్టంగా వచ్చింది కానీ ఎడమ చెయ్యి మసకబారిపోయింది.

వారం తర్వాత ప్రింట్లు తీసుకెళ్లాను. మసకగా వచ్చిన ఆ ఫొటో పొరపాటున కవర్లో కలిసిపోయింది. మాస్టారు కళ్లద్దాలు పెట్టుకుని శాలువా ఫొటోలన్నీ పక్కన పెట్టేశారు. దీన్ని మాత్రం దగ్గరగా పట్టుకుని చూసి "ఇది తోడి" అన్నారు. "గాంధారం మీద ఉన్నాను. చెయ్యి కదలకపోతే అది తోడి ఎలా అవుతుంది?"

అప్పటిదాకా చెయ్యి కదిలితే ఫొటో పోయినట్టే అనుకునేవాణ్ణి. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, అదే కదలిక. 1/500తో దాన్ని గడ్డకట్టిస్తే మిగిలేది తీగ మీద పెట్టిన వేలు మాత్రమే. అప్పటి నుంచి తీగ వాద్యాలకు కావాలనే 1/30, 1/60లో కొన్ని తీస్తున్నాను. అమ్మగారికి శాలువా ఫొటోనే నచ్చింది, అది హాల్లో ఉంది. తోడి ఫొటో పాఠాలు చెప్పే గదిలో ఉంది.

యూసుఫ్ కార్ష్ పేరు మీరు వినే ఉంటారు, 1941లో చర్చిల్ ఫొటో తీసినాయన. ఆయన 1954లో ఫ్రాన్స్‌లోని ప్రాద్‌లో, ఒక పాత మఠంలో చెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్‌ని ఫొటో తీశాడు. కసాల్స్ బాఖ్ సంగీతం వాయిస్తుంటే కార్ష్ అందులో మునిగిపోయి, చివరికి ఆయన్ని వెనకనుంచి తీశాడు. ఖాళీ రాతి గోడ, పైన చిన్న కిటికీ, వంగిన వీపు, అంతే. ఆ ఫొటో బోస్టన్ మ్యూజియంలో ప్రదర్శించినప్పుడు ఒక ముసలాయన రోజూ వచ్చి దాని ముందు నిలబడేవాడట. ఎందుకని అడిగితే, సంగీతం వింటున్నాను, మాట్లాడకండి అన్నాడని కార్ష్ చెప్పుకున్నాడు. నేను కోరుకునేది కూడా అదే, చూసినవాళ్లకు వినిపించాలి.

ఇది ఎందుకు ముఖ్యమో కూడా చెప్పాలి. ఫొటోగ్రఫీని లోకానికి ప్రకటించింది 1839లో, త్యాగరాజస్వామి సిద్ధి పొందింది 1847లో. మధ్యలో ఎనిమిదేళ్లే. అయినా ఆయన ఫొటో మనకు లేదు. మన ఇళ్లలో చూసే సంగీత త్రిమూర్తుల (త్యాగరాజు, ముత్తుస్వామి దీక్షితులు, శ్యామశాస్త్రి) రూపాల్లో చాలావాటికి మూలం ఎస్. రాజం గారి బొమ్మలు. ఆయన స్వయంగా గాయకుడు కాబట్టే ఆ బొమ్మలకు అంత జీవం. మరోవైపు మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ గారిని చూడండి. 45 ఏళ్లకే, 2014లో వెళ్లిపోయారు. కానీ వేదిక మీద ఆయన నవ్వు ఎన్నో ఫొటోల్లో మిగిలింది. ఎవరో ఓపిగ్గా కూర్చుని తీశారు కాబట్టే కదా.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. నేను తీసిన గాయని ఫొటో ఒకటి నన్ను అడగకుండా ఒక సంస్థ బ్యానర్ మీద వేసింది. నా పేరు లేకపోవడం కన్నా, పక్కన వయొలిన్ వాయించినావిడను కత్తిరించేయడం నన్ను ఎక్కువ బాధపెట్టింది. కమాను చివర మాత్రం అంచున కనిపిస్తోంది. దయచేసి పక్కవాద్యాల వాళ్లను ఫ్రేములోంచి తీసేయకండి. వాళ్లకు విడిగా కూడా తీసి పంపండి, వాళ్ల ఫొటోలు తీసేవాళ్లు తక్కువ.

ఇక లెన్స్. 85 ఎంఎం ఎఫ్/1.8 ఒకటి చాలు, మొదట అద్దెకు తీసుకోండి. వెలుతురు తక్కువైతే ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకు స్పందించే స్థాయి) 3200 అంటే భయపడొద్దు. ఫ్లాష్ అసలు వద్దు. సైలెంట్ షట్టర్ మంచిదే కానీ ఎల్ఈడీ లైట్ల కింద కొన్నిసార్లు చారలు పడతాయి, ముందు పరీక్షించుకోండి. మైకు ముఖానికి అడ్డం వస్తే కాస్త పక్కకు జరిగి కూర్చోండి, మధ్య వరస కోసం పట్టుబట్టకండి. సభ కార్యదర్శిని ముందే అడగాలి, కళాకారుల్ని కూడా అడగాలి.

భయం పోవాలంటే ముందు మూడు కచేరీలకు కెమెరా లేకుండా వెళ్లండి. చాలా సభల్లో పొద్దున, మధ్యాహ్నం కచేరీలకు టికెట్ ఉండదు. అయ్యాక వెళ్లి, మీరు వాయించిన ఫలానా కీర్తన బాగుందని నిజంగా నచ్చిందే చెప్పండి. విన్నవాడని తెలిస్తే వాళ్లే మాట్లాడతారు. ఫొటో మాట నాలుగోసారి ఎత్తండి.

ఏ సభకు వెళ్తున్నారో కింద రాయండి. నేను తీసిన హాలైతే లైటు ఎటునుంచి పడుతుందో, ఎక్కడ కూర్చుంటే బాగుంటుందో చెప్తాను.