కాలు తిమ్మిరెక్కితే ధ్యానం చెడిపోయినట్టేనా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. తెనాలి దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. తొమ్మిది నెలలుగా తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి ధ్యానం చేస్తున్నాను. కాఫీ తాగి, పది నిమిషాలు భస్త్రిక (వేగంగా గాలి పీల్చి వదిలే ప్రాణాయామం) చేసి, గంటసేపు కదలకుండా కూర్చోవాలని నియమం పెట్టుకున్నాను. పావుగంట కూడా గడవదు, కుడికాలు తిమ్మిరెక్కుతుంది. ముక్కు మీద దురద, కనుబొమల మధ్య బరువు. గుండె కొట్టుకోవడం చెవుల్లో వినిపిస్తుంది. ఒళ్లు ఊగుతున్నట్టుంటుంది. ఒక్కోసారి ఉలిక్కిపడతాను. రెండు నెలలుగా ఛాతీలోంచి వేడి లేచి ముఖమంతా చెమటలు పడుతున్నాయి. మా ధ్యాన బృందంలో పెద్దావిడ, "కుండలిని లేస్తోంది, కదలకు, రమణ మహర్షిని చీమలు కుట్టినా కదల్లేదు" అంటారు. మా తోటికోడలు గంటసేపు బొమ్మలా కూర్చుంటుంది. మావారేమో, "కాళ్లు నొప్పి పుట్టించుకోవడానికి ఇంత పొద్దున్నే లేవాలా" అని నవ్వుతారు. ఈ మధ్య గొంతులో ఉండలా ఏదో అడ్డుపడినట్టు కూడా ఉంటోంది. నాన్నగారు పోయాక ఇంటి పంపకం దగ్గర అన్నయ్యతో మాటలు లేవు, కానీ దానికీ దీనికీ సంబంధం లేదు. వచ్చే నెల నాన్నగారి సంవత్సరీకం. ఈలోగానైనా ధ్యానం కుదిరితే బాగుండును. ఈ శరీరాన్ని ఎలా అదుపులో పెట్టుకోవాలి?

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే నాకు పరీక్ష హాలు గుర్తొచ్చింది. శరీరాన్ని బెంచీ మీద కూర్చోబెట్టి మీరు ఇన్విజిలేటర్‌లా చుట్టూ తిరుగుతున్నారు. కాలు కదిలిందా, ముక్కు గోక్కుందా, ఎవరా ఊగుతున్నది అని. ఇన్నేళ్ల ఉద్యోగం అలవాటు కావచ్చు. కానీ ధ్యానంలో మీకు ఆ డ్యూటీ ఎవరూ వేయలేదు.

మీరు ఒకే మూటలో కట్టి పంపినవన్నీ ఒకే రకానివి కావు. కొన్ని కూర్చునే తీరు వల్ల వచ్చేవి, కొన్ని డాక్టరుకు చెప్పాల్సినవి. ఒకటి మాత్రం మీ అన్నయ్యకు చెప్పాల్సింది. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ముందు వేడి సంగతి. వెన్ను అడుగున నిద్రాణంగా ఉంటుందని యోగులు చెప్పే శక్తి కుండలిని. పెద్దావిడ మాట కాదనే పని నాకు లేదు. కానీ 47 ఏళ్ల ఆడమనిషికి ఛాతీలోంచి వేడి లేచి, మెడ మీదుగా ముఖానికి ఎక్కి, చెమట పడుతోందంటే కుండలిని కంటే ముందు అడగాల్సింది, నెలసరి సరిగ్గా వస్తోందా అని. మెనోపాజ్ దగ్గర పడుతున్న రోజుల్లో ఈ ఆవిర్లు చాలామందికి వస్తాయి. వాటితోపాటు గుండె దడ, తెల్లవారుజామున మెలకువ రావడం, చిన్న మాటకే కళ్లలో నీళ్లు తిరగడం కూడా ఉండొచ్చు. ఆ వేడి స్టాఫ్ రూమ్‌లో, బస్సులో, రాత్రి నిద్రలో కూడా వస్తోందేమో వారం రోజులు గమనించి ఒక కాగితం మీద రాసుకోండి. కుండలిని తెనాలి బస్సులో లేవదని నేను చెప్పలేను గానీ, బస్సులో కూడా వస్తోందంటే గైనకాలజిస్టును కలవాల్సిన పనైతే ఉంది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా ఇలాగే వేడి, దడ, చెమట ఉంటాయి కాబట్టి ఆ పరీక్ష కూడా చేయించుకోండి. ఈ మాట ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గుపడి, ధ్యానం పేరుతో నెలల తరబడి దాచుకున్న ఆడవాళ్లను నేను చూశాను.

గుండె శబ్దం వినపడటం మాత్రం చాలావరకు నిశ్శబ్దం చేసే పని. రోజంతా పిల్లల గోలలో, ట్రాఫిక్‌లో వినపడనిది తెల్లవారుజామున వినపడుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒళ్లు పిసరంత ఊగడమూ మామూలే. కళ్లు మూసుకుంటే అదే ఉయ్యాలంత అనిపిస్తుంది. అయితే ఛాతీలో నొక్కినట్టు నొప్పి రావడం, అది చేతికో దవడకో పాకడం, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది వచ్చినా అది ధ్యానంలో గమనిస్తూ కూర్చునే విషయం కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక మీ పొద్దుటి వరస చూడండి. కాఫీ, ఆ వెంటనే భస్త్రిక, ఆ వెంటనే నిశ్చలంగా కూర్చోవడం. గుండెను పరుగెత్తించి, ఆ తర్వాత ఎందుకు పరుగెత్తుతున్నావని అడుగుతున్నారు. వేగంగా, లోతుగా గాలి పీల్చి వదిలితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో చిమచిమలు, తల తేలికైనట్టు ఉండటం, దడ, ఇవన్నీ దానివల్లే రావచ్చు. కొన్నాళ్లు భస్త్రిక ఆపండి. కాఫీ ధ్యానం అయ్యాక తాగండి. (తెనాలి మనిషికి పొద్దున్నే కాఫీ తాగొద్దని చెప్పడం ఎంత పాపమో నాకు తెలుసు. గంటసేపు వాయిదా వేయమంటున్నానంతే.) ఉలిక్కిపడటం గురించి ఒక్క ప్రశ్న. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారు? వంటిల్లు సర్ది, కాపీలు దిద్ది పదకొండున్నరకు పడుకుని నాలుగున్నరకు లేస్తుంటే, అది కునుకు పట్టబోయేటప్పుడు వచ్చే ఉలికిపాటే. ముందు నిద్ర చూసుకోండి.

కాలి విషయానికి వద్దాం. తిమ్మిరి అంటే రక్తం ఆగిపోయిందని చాలామంది భయపడతారు. ఎక్కువసార్లు నొక్కుకునేది నరం. మోకాలికి కాస్త కింద, బయటి వైపు ఎముక బుడిపె మీదుగా ఒక నరం చర్మానికి బాగా దగ్గరగా వెళుతుంది. బాసింపట్టు వేసుకుని కూర్చుంటే అది నలుగుతుంది. చాప మీద చదునుగా కూర్చున్నప్పుడు మోకాళ్లు నడుము కంటే పైకి లేస్తే వీపు వంగుతుంది, బరువంతా తప్పుడు చోట పడుతుంది. నాలుగైదు అంగుళాల ఎత్తుగా దుప్పటి మడిచి దాని అంచు మీద కూర్చుని, మోకాళ్లు కిందికి వాలనివ్వండి. అప్పటికీ కుదరకపోతే కుర్చీలో పాదాలు నేలకు ఆనించి కూర్చోండి. కుర్చీలో కూర్చుంటే అది ధ్యానం కాదని ఏ శాస్త్రంలోనూ లేదు. యోగసూత్రాలు రాసిన పతంజలి ఆసనానికి చెప్పిన లక్షణం "స్థిర సుఖమాసనమ్", అంటే స్థిరంగానూ సుఖంగానూ ఉండేదే ఆసనం. మనవాళ్లు స్థిరం దగ్గరే ఆగిపోయి సుఖాన్ని మింగేస్తారు.

లేచి నడిచిన రెండు మూడు నిమిషాల్లో తిమ్మిరి పోతే కంగారు పడక్కర్లేదు. గంటల తరబడి ఉన్నా, నడుస్తుంటే చెప్పు జారిపోతున్నా, ధ్యానంతో పని లేకుండా రోజూ అరికాళ్లు మండుతున్నా షుగర్, బి12 పరీక్షలు చేయించుకోండి. ముఖ్యంగా మీరు శాకాహారులైతే బి12 మరచిపోవద్దు. మోకాలి లోపల నొప్పి వస్తే మాత్రం ఓర్చుకోవడాలు పెట్టుకోకండి. కాలు చాపేయండి.

రమణ మహర్షి మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 1896లో పదహారేళ్ల కుర్రాడిగా ఆయన అరుణాచలం చేరి, గుడిలో నేలమాళిగలాంటి చోట ఉన్న పాతాళలింగం దగ్గర కూర్చుంటే పురుగులు తొడలు తొలిచేశాయి. ఆ సంగతి ఆయనకు తెలియనే లేదు. చివరికి ఇతరులు ఎత్తి బయటికి తీసుకురావాల్సి వచ్చింది. ఆయన ఓర్చుకోలేదమ్మా, ఆయనకు తెలియలేదు. మీకు తెలుస్తోంది. తెలుస్తున్నదాన్ని పళ్లు బిగించి భరిస్తే అది రమణుల ధ్యానం అవదు, పళ్ల నొప్పి అవుతుంది. మీ తోటికోడలి సంగతీ అంతే. ఆవిడ లోపల ఏం జరుగుతోందో బయటికి కనపడదు. మీ కళ్లు మూసుకుని ఉండాలి కదా, ఆవిడ బొమ్మలా కూర్చుందని మీకెలా తెలిసింది?

నన్ను అడిగితే నేనూ మీలాంటిదాన్నే. చాలా ఏళ్ల కిందట పది రోజుల విపశ్యన శిబిరానికి వెళ్లాను. 1969లో ధ్యాన గురువు గోయెంకాగారు బర్మా నుంచి మన దేశానికి తెచ్చిన పద్ధతి అది. మొదటి మూడు రోజులు ఊపిరి ఒక్కటే. నాలుగో రోజు నుంచి తల మొదలు కాలి వేళ్ల దాకా ఒంట్లో తెలిసే ప్రతిదాన్నీ చూడటం. రోజుకు మూడుసార్లు గంటసేపు కాళ్లూ చేతులూ కదపకుండా, కళ్లు తెరవకుండా కూర్చోవాలి, దాన్ని అధిష్ఠానం అంటారు. మొదటి అధిష్ఠానంలో నాకు ఎడమ చెవి వెనక దురద పుట్టింది. నా జీవితంలో అంత ముఖ్యమైన సంగతి ఇంకోటి లేదన్నంత దురద. గోక్కోకపోతే చచ్చిపోతాననిపించింది. అంత మౌనంలోనూ లోపల ఒక పెద్ద పోట్లాట. అయిదారు నిమిషాలయ్యాక చూస్తే దురద లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. దురద కంటే నా పోట్లాటే ఎక్కువసేపు నడిచింది.

బుద్ధుడు చెప్పిన రెండు బాణాల పోలిక ఇక్కడిదే. ఒక బాణం ఒంటికి తగులుతుంది. అయ్యో తగిలిందే అని మనసు రెండోది వేసుకుంటుంది. మీ ఉత్తరంలో తిమ్మిరి గురించి ఒక్క వాక్యమే ఉంది. తిమ్మిరి వచ్చినందుకు ఎవరేమన్నారన్నదే మిగతా సగం.

అందుకని ఇలా చేసి చూడండి. దురదో తిమ్మిరో వచ్చినప్పుడు వెంటనే గోక్కోకండి, వెంటనే బిగుసుకోకండి కూడా. ఎక్కడుంది, రూపాయి బిళ్లంతా, అరచెయ్యంతా? వేడిగా ఉందా, గుచ్చుతోందా, పాకుతోందా? అయిదారు ఊపిర్లు అలా చూడండి. కొన్ని అక్కడే కరిగిపోతాయి. పోకపోతే, "ఇప్పుడు కదులుతాను" అని మనసులో అనుకుని, మెల్లగా కదలండి. చెయ్యి లేవడం, వేలు ముక్కుకు తగలడం, మళ్లీ దిగడం అన్నీ తెలుస్తూ ఉండాలి. ఆ కదలిక కూడా ధ్యానంలో భాగమే. మహాసి సయాడో అనే బర్మా భిక్షువు నేర్పిన పద్ధతిలో కూర్చోవడానికి ఎంత చోటుందో నడవడానికీ అంతే చోటుంది. గంట కూర్చోలేనివాళ్లు తక్కువవాళ్లని వాళ్లెవరూ అనలేదు. మీరు పదిహేను నిమిషాలు కూర్చుని, పది నిమిషాలు డాబా మీద పాదాలు గమనిస్తూ నడవండి.

కనుబొమల మధ్య బరువు చాలావరకు కళ్ల శ్రమే. భృకుటి మీద దృష్టి పెట్టమన్నారని రెప్పల కింద కళ్లను పైకి లాగి బిగిస్తాం. చూపును ఒళ్లోకి వదిలేయండి, దవడ వదులు చేయండి, ధ్యాసను పొట్ట మీదికి దించండి. ఇక ఒంటి వణుకు గొప్ప స్థితికి గుర్తని ఎవరైనా అంటే, పతంజలి లెక్క వేరే అని నవ్వుతూ చెప్పండి. ఒళ్లు వణకడాన్ని ఆయన "అంగమేజయత్వం" అన్నాడు. చెదిరిన మనసు వెంట వచ్చేవాటిలో, దుఃఖం, దిగులు, గాడి తప్పిన ఊపిరి పక్కన దాన్ని పెట్టాడు.

దుఃఖం పక్కన పెట్టాడు చూశారా. అందుకే ఇప్పుడు గొంతులో ఉండ.

మింగడం కష్టమవుతున్నా, బరువు తగ్గుతున్నా, గొంతు బొంగురుపోయినా ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఎసిడిటీ వల్ల కూడా అలా ఉంటుంది. అవేవీ కావని తేలితే మాత్రం, "దానికీ దీనికీ సంబంధం లేదు" అన్న మీ వాక్యాన్ని మీరే ఒకసారి పైకి చదవండి. నాన్నగారు పోయి ఏడాది కావస్తోంది, ధ్యానం మొదలుపెట్టి తొమ్మిది నెలలు. రోజంతా క్లాసులు, వంట, మార్కుల రిజిస్టర్లతో పక్కన పెట్టిందాన్ని కళ్లు మూసుకున్నాక పక్కన పెట్టడానికి మీ దగ్గర ఏ పనీ ఉండదు. అప్పుడది గొంతు దాకా వస్తుంది. మీరు దాన్ని కూడా దురద లెక్కన అణచాలని చూస్తున్నారు. అది వచ్చినప్పుడు కళ్లు తెరవండి, పాదాలు నేలకు ఆనించండి, ఏడుపొస్తే ఏడవండి. ఆ పూటకు ధ్యానం అయిపోయినట్టే. రోజూ అలాగే ముంచెత్తుతుంటే, నిద్ర, తిండి దెబ్బతింటుంటే కూర్చోవడం కొన్నాళ్లు మానేసి ఒక మనిషితో మాట్లాడండి. టెలీ మానస్ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

అన్నయ్య దగ్గర ఇంటి వాటా మాట తేలడానికి ఎన్నాళ్లు పడుతుందో. అందులో మీరు తగ్గాలని నేను అనను. ఆడపిల్ల వాటా అడిగితే మాటలు ఆగిపోయిన పుట్టిళ్లు చాలా చూశాను, అడగడం తప్పు కాదు. కానీ సంవత్సరీకానికీ వాటాకూ ముడి పెట్టకండి. "అన్నయ్యా, ఇంటి విషయం తర్వాత మాట్లాడుకుందాం. నాన్న తద్దినం రోజు నేను పొద్దున్నే వస్తాను" అని ఒక్క ఫోన్. వదిన ఎత్తితే వదినకే చెప్పండి. ఆయన సరే అన్నా, ఊ అని పెట్టేసినా మీరు చెప్పాల్సింది గొంతులోంచి బయటికి వచ్చింది కదా.

మీవారితో మాత్రం ధ్యానం గురించి వాదించకండి. దుప్పటి మడత పెట్టి ఇవ్వమనండి. గైనకాలజిస్టు దగ్గరికి తోడు రమ్మనండి. రేపటికి అలారం నాలుగున్నరకు కాదు, అయిదున్నరకు పెట్టుకోండి.